పుట పైన ఏముండాలో ఎవరు చెప్పాలి?

రాజమహేంద్రవరంలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో ఒక పుస్తకానికి డి.టి.పి. (కంప్యూటరులో పుటలు కూర్చే) పని పూర్తయి, రెండో ప్రూఫు కూడా దిద్దడం అయిపోయి, ఇక ప్లేట్లకు పంపుదామనుకునే సమయంలో ఆపరేటరు రచయితను ఒక ప్రశ్న అడుగుతాడు: "పైన హెడర్లో ఏం వెయ్యమంటారండీ?" ముఖచిత్రం గురించి, ఇంకా చేతికందని ముందుమాటల గురించి, ఆవిష్కరణ సభ తేదీ గురించి సతమతమవుతున్న రచయిత "మామూలుగా మీరేం వేస్తారో అదే వేసెయ్యండి" అంటాడు. "ఆయ్, ఎడమపక్క పుస్తకం పేరు, కుడిపక్క మీ పేరు వేసేస్తానండీ" అని ఆపరేటరు పనిలో పడతాడు. అర నిమిషంలో ముగిసిపోయే ఈ సంభాషణతో, మూడు వందల పుటల పుస్తకంలో ప్రతి పుట మీదా కనిపించబోయే ఒక వాక్యఖండం ఏమిటన్నది తేలిపోతుంది. దానిని నిర్ణయించినవాడు పుస్తకం చదివినవాడు కాడు, రాసినవాడు కాడు.

ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఈ పద్ధతి తప్పని. రన్నింగ్ హెడర్, అంటే ప్రతి పుట పైనా కనిపించే ఆ శీర్షిక పంక్తి, అలంకారం కాదు, పుస్తకంలోని పాఠంలో ఒక భాగం. అధ్యాయాలకు పేర్లు పెట్టిన చేతితోనే పుట పైన కనిపించవలసిన పేర్లు కూడా రాయాలి. ఆ పేర్లను తెచ్చి సరైన పుట మీద నిలబెట్టే పని మాత్రమే సాఫ్ట్‌వేరుకూ, ఆపరేటరుకూ అప్పగించాలి.

పుస్తకాన్ని మొదటి పుట నుంచి వరసగా చదువుకుంటూ పోయేవాడికి హెడర్‌తో పనిలేదు. మధ్యలో తెరిచేవాడికి ఉన్నది. కోనసీమ గ్రామచరిత్ర ఒకటి తీసుకుంటే, దానిని ఆసాంతం చదివేవారి కంటే తమ ఊరి పేరు కోసమో, తాతగారి పేరు కోసమో, 1839 నాటి కోరంగి ఉప్పెన కోసమో తిరగేసేవారే ఎక్కువగా ఉంటారు. అటువంటి పాఠకుడికి తన చేతిలో ఉన్నది ఏ పుస్తకమో తెలుసు, ఎవరు రాశారో కూడా తెలుసు. తెలియనిదల్లా ఇప్పుడు కంటిముందున్న పుట ఏ అధ్యాయానిది, ఏ కాలానిది, ఏ ఊరిది అన్నదే. రావులపాలెం బస్టాండులో నిలబడి అమలాపురం బస్సు కోసం చూస్తున్నవాడికి, వచ్చిన ప్రతి బస్సు బోర్డు మీదా ఊరి పేరుకు బదులు ఆర్టీసీ అని మాత్రమే రాసి ఉంటే ఎంత ఉపయోగమో, ప్రతి పుట మీదా పుస్తకం పేరు, రచయిత పేరు మాత్రమే ఉండటం అంత ఉపయోగం.

అయితే ఈ అలవాటు బుద్ధిలేక పుట్టినది కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పత్రికను ప్రారంభించిన కాలం నుంచి, ఆఫ్‌సెట్ వచ్చి సీసపు అక్షరాలను మూలన పడేసే దాకా, గోదావరి మండలంలో అచ్చుపని అంటే కంపోజిటరు ఒక్కొక్క అక్షరాన్నీ కేసులోంచి, అంటే అక్షరాల గళ్ళపెట్టెలోంచి, ఏరి పేర్చడమే. ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పుటల జట్టు) అచ్చు కాగానే అక్షరాలను విడదీసి మళ్ళీ గళ్ళలో వేసుకునేవారు, ఎందుకంటే గుణింతాలూ ఒత్తులూ కలుపుకుని తెలుగుకు కావలసిన అచ్చుముక్కలు చాలా ఎక్కువ, వాటిని నిలవ ఉంచుకునే స్తోమత ఏ చిన్న ప్రెస్సుకూ ఉండేది కాదు. కాని పుట పైన ఉన్న శీర్షిక పంక్తిని మాత్రం విడదీయకుండా అలాగే ఉంచి, తరువాతి ఫారానికి పుట సంఖ్య ఒక్కటే మార్చి వాడుకోవచ్చు. పుస్తకమంతటా మారని పేరు పైన ఉంటే కంపోజిటరుకు అంత శ్రమ తప్పుతుంది, పొరపాటుకు తావు కూడా తగ్గుతుంది. సీసంతో పనిచేసిన కాలానికి అది న్యాయమైన బేరం. శ్రమ పోయినా బేరం అలాగే ఉండిపోయింది.

కంప్యూటరులో పుటలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు దానిని మరింత స్థిరం చేసింది. అన్ని పుటలకూ మూసగా ఉండే మాస్టర్ పేజీ మీద ఒక్కసారి టైపు చేస్తే చాలు, అన్ని పుటల మీదా అదే వచ్చి కూర్చుంటుంది. ఒక్కొక్క అధ్యాయానికి ఒక్కొక్క మాస్టరు చేయవచ్చు కదా అంటే, చేయవచ్చు. కాని మన దగ్గర డి.టి.పి. లెక్క పుటకు ఇంత అని. ఇరవై మాస్టర్లు తయారు చేసినందుకు ఎవరూ పైసా అదనంగా ఇవ్వరు. పైగా మూడో ప్రూఫులో రచయిత నాలుగు పేరాలు చేర్చాడంటే అధ్యాయాల హద్దులన్నీ జరిగి, ఏ పుటకు ఏ మాస్టరు అన్నది మళ్ళీ మొదటినుంచీ చూసుకోవాలి. పేజ్‌మేకర్ 6.5లోనే రన్నింగ్ హెడర్ల కోసం ఒక ప్లగిన్ ఉండేది గాని, మన వైపు దుకాణాలలో దానిని తెరిచి చూసినవారిని నేను ఎరగను. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ సాఫ్ట్‌వేరుకు చివరి వెర్షన్. అది ఇప్పటికీ పాత విండోస్ కంప్యూటర్ల మీద, అను అనే తెలుగు ఫాంట్లతో కలిసి, గోదావరికి రెండు వైపులా పుస్తకాలను తయారు చేస్తూనే ఉన్నది.

పేజ్‌మేకర్ తరువాత అదే పనికి వచ్చిన ఇన్‌డిజైన్‌లో పరిస్థితి వేరు. 2007లో సి.ఎస్.3 వచ్చినప్పుడు అందులో టెక్స్ట్ వేరియబుల్స్ (చోటును బట్టి తమంతట తామే మారే మాటలు) అనే సదుపాయం చేరింది. వాటిలో రన్నింగ్ హెడర్ ఒకటి. దాని సూత్రం చాలా సాదా: అధ్యాయ శీర్షికలన్నిటికీ ఒకే పేరాగ్రాఫ్ స్టైల్ (ఫాంటు, సైజు వంటివన్నీ కలిపి ఒక పేరుతో దాచుకున్న అమరిక) వేయాలి. మాస్టర్ పేజీ మీద (కొత్త వెర్షన్లలో దీనినే పేరెంట్ పేజీ అంటున్నారు) పేరు టైపు చేయకుండా, ఆ స్టైల్‌ను చూడమని చెప్పే వేరియబుల్‌ను పెట్టాలి. అప్పుడు ప్రతి పుటా తన మీద ఆ స్టైల్‌లో ఉన్న మాటలను వెతుక్కుని పైన చూపిస్తుంది. తన మీద లేకపోతే వెనకటి పుటలలో చివరగా కనిపించిన శీర్షికను తెచ్చుకుంటుంది. అధ్యాయం పది పుటలు ముందుకు జరిగినా, వెనక్కు జరిగినా, శీర్షికలో ఒక మాట మారినా ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. వర్డ్‌లో స్టైల్‌రెఫ్ ఫీల్డు చాలా కాలంగా ఇదే పని చేస్తున్నది. ఖర్చు లేకుండా దొరికే లిబ్రె ఆఫీస్‌కు కూడా 2023లో వచ్చిన 7.6 వెర్షన్‌తో ఇటువంటి స్టైల్ ఫీల్డు వచ్చింది. కనుక సాధనం లేదన్న మాట ఇక చెల్లదు.

సాధనం ఉన్నంత మాత్రాన పని అయిపోదు. నా వాదానికి అసలు బలం ఇక్కడే ఉన్నది. మన రచయితలు అధ్యాయాలకు పెట్టే పేర్లు పొడవుగా ఉంటాయి. ఉదాహరణకు గోదావరి డెల్టా సేద్యం మీద ఒక పుస్తకంలో "ధవళేశ్వరం ఆనకట్టకు పూర్వం గోదావరి మండలంలో సేద్యపు నీటి స్థితిగతులు" అని ఒక అధ్యాయం, "ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం: కాటన్ దొర కృషి, 1847–1852" అని మరొకటి, "ధవళేశ్వరం ఆనకట్ట తరువాత డెల్టా గ్రామాలలో వచ్చిన మార్పులు" అని ఇంకొకటి ఉన్నాయనుకుందాం. 1/8 డెమీ పుటలో, పుట సంఖ్య కూడా అదే వరసలో ఉండగా, పది పాయింట్ల అక్షరంలో మొదటి పేరు ఒక పంక్తిలో పట్టదు. ఇన్‌డిజైన్ పాత వెర్షన్లలో వేరియబుల్‌కు రెండో పంక్తిలోకి దిగే శక్తి లేదు. మొత్తాన్ని ఒకే పంక్తిలో ఇరికిస్తుంది. అక్షరాలు అడ్డంగా నలిగి, సున్నలు నిలువు గుడ్లలా, తలకట్లు ఒకదానినొకటి పొడుచుకుంటున్నట్టుగా కనబడతాయి. సరే, మొదటి రెండు మాటలు ఉంచి మిగతావి కత్తిరిద్దామని ఆపరేటరు అనుకుంటే, మూడు అధ్యాయాల మీదా "ధవళేశ్వరం ఆనకట్ట" అనే ఉంటుంది. అసలు విషయమైన "పూర్వం", "నిర్మాణం", "తరువాత" అన్న మూడు మాటలూ కత్తెర పాలవుతాయి. ఆనకట్ట లేని రోజుల గురించి చెప్పే పుట మీద ఆనకట్ట పేరు వెలుగుతుంటుంది. "ఆనకట్టకు పూర్వం", "నిర్మాణం, 1847–1852", "ఆనకట్ట తరువాత" అని కుదించడానికి పుస్తకం చదివి అర్థం చేసుకున్న మనిషి కావాలి. అది ఆపరేటరు జీతంలో లేని పని, అతడి మీద వేయకూడని పని.

డొనాల్డ్ క్నూత్ 1978లో తెచ్చిన టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేరు మీద ఆధారపడిన లేటెక్‌లో ఈ వివేకం మొదటినుంచీ ఉన్నది. అందులో అధ్యాయం పేరు రాసేటప్పుడే చదరపు బ్రాకెట్లలో పొట్టి పేరు ఇవ్వవచ్చు. పొడుగు పేరు అధ్యాయం మొదట్లో కనబడుతుంది, పొట్టిది విషయసూచికకూ పుట పైభాగానికీ వెళుతుంది. పొట్టి పేరు ఇవ్వవలసినది రాసేవాడే అని ఆ సాధనం ముందే అనుకున్నది. లేటెక్‌తో తెలుగు పుస్తకాలు చేసేవారు తక్కువమంది కనుక దాని సంగతి ఇంతటితో వదిలేస్తాను. ఇన్‌డిజైన్‌లో అదే ఫలితం రావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి సెక్షన్ మార్కర్: ప్రతి అధ్యాయం మొదటి పుట దగ్గర కొత్త సెక్షన్ మొదలుపెట్టి, అక్కడి పెట్టెలో పొట్టి పేరు రాస్తే, మాస్టరు మీద పెట్టిన గుర్తు దానిని చూపిస్తుంది. అధ్యాయాలు కొత్త పుటలో మొదలయ్యే పుస్తకాలకు ఇది చాలు. రెండోది, పొట్టి పేరును ఒక ప్రత్యేక స్టైల్‌లో, రంగు లేకుండా, కంటికి ఆనని సైజులో అధ్యాయం మొదటి పుట మీదనే రాసి ఉంచి, వేరియబుల్‌ను దానివైపు చూడమనడం. ఈ రెండో దారి కొంచెం దొంగదారిలా కనబడుతుంది గాని, పుట మధ్యలో శీర్షిక మారే పుస్తకాలలో ఇదే ఆదుకుంటుంది.

అటువంటి పుస్తకాలకు మన ప్రాంతంలో కొదవలేదు. పద్యకావ్యాల ముద్రణ ఇంకా చావని నేల ఇది. రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టిన రాజమహేంద్రవరంలో కూర్చుని ఎవరైనా ఆ భారతాన్నే మళ్ళీ కంపోజు చేయిస్తే, పుట పైన ఏముండాలి? "శ్రీమదాంధ్ర మహాభారతము" అని అన్ని పుటల మీదా ఉంటే ఎవరికీ పనికిరాదు. పండితుడైనా, పరీక్షకు చదివే విద్యార్థి అయినా పద్యాన్ని వెతికేది పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్యలతో. కనుక ఎడమ పుట మీద పర్వం పేరు, కుడి పుట మీద ఆశ్వాసం, రెండింటి మీదా ఆ పుటలో ఉన్న పద్యాల సంఖ్యలు ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని ఉండాలి. చేతితో చేయాలంటే ఇది నరకం. వేరియబుల్‌తో అయితే, పద్యం చివర ఉండే సంఖ్యకు ఒక క్యారెక్టర్ స్టైల్ వేసి, దానిమీద రెండు వేరియబుల్స్ తయారు చేసుకోవాలి: ఒకటి పుటలో మొదట కనబడే దానిని, రెండోది చివర కనబడే దానిని తెచ్చేది. మధ్యలో ఒక అడ్డుగీత. అంతే. వేల పద్యాలున్నా తేడా రాదు. నిఘంటువులలో పుట పైన మొదటి పదాన్నీ చివరి పదాన్నీ చూపించడానికి కూడా ఇదే ఏర్పాటు.

ఇంకా ఒక చిక్కు ఉన్నది, నాకు ఎంతో ఇష్టమైన చిక్కు. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో నన్నయ రచన ఆగిపోతుంది, అక్కడినుంచి ఎఱ్ఱన అందుకుంటాడు. హెడర్‌లో కవి పేరు కూడా వేయదలచుకుంటే, అది ఆశ్వాసం మారినప్పుడు కాక, ఒక పద్యానికీ తరువాతి పద్యానికీ మధ్య మారాలి. సెక్షన్ మార్కర్‌కు ఇది చేతకాదు, ఎందుకంటే సెక్షన్ పుటతోనే మొదలవుతుంది. ఆ పద్యాల సందున కనిపించని స్టైల్‌లో కవి పేరు రాసి ఉంచితే వేరియబుల్ దానిని పట్టుకుంటుంది. అయితే ఇద్దరి పద్యాలూ ఉన్న ఆ ఒక్క పుట మీద ఎవరి పేరు వేయాలి? మొదట కనబడే దానినా, చివర కనబడే దానినా? నా వరకు ఇద్దరి పేర్లూ వేయడమే న్యాయం అనిపిస్తుంది. కాదు, పుట మొదట్లో నడుస్తున్నవాడిదే అనేవారూ ఉంటారు. ఏదైనా సరే, దీనిని తేల్చవలసినది పరిష్కర్త, అంటే ఆ ముద్రణకు పాఠాన్ని సిద్ధం చేసిన పండితుడు. "ఏం వెయ్యమంటారండీ" అన్న ప్రశ్నకు ఆఖరి రోజున నిలబడి జవాబు చెప్పే విషయం కాదు ఇది.

తెలుగు లిపి వల్ల వచ్చే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు ఇంగ్లీషు పుస్తకాల టెంప్లేటును అలాగే దించుకోవడం వల్ల వచ్చినవే. ఇంగ్లీషులో హెడర్‌ను చిన్న సైజు పెద్దక్షరాలలో, అక్షరాల మధ్య ఎడం పెంచి వేయడం మర్యాద. తెలుగులో పెద్దక్షరాలు లేవు. అను ఫాంట్లు యూనికోడు కావు కనుక, వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. వేరియబుల్ పెట్టెలో కేస్ మార్చే గడిని టిక్కు చేశారంటే పైన వచ్చేది ఏ భాషా కాదు. వాక్యాంత చిహ్నాన్ని తొలగించే గడి కూడా అంతే. ఆ చిహ్నాల స్థానంలో తెలుగు ముక్క ఏదైనా ఉంటే శీర్షిక తోక తెగుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచితే ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కదాని కిందికి జరుగుతుంది. యూనికోడు ఫాంట్లతో ఈ బాధలు లేవు గాని మరొకటి ఉన్నది. ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగా కట్టాలంటే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. అది పేరాగ్రాఫ్ స్టైల్‌కు సంబంధించిన గుణం. పుస్తకం పాఠానికంతా దానిని పెట్టి, హెడర్ స్టైల్‌కు పెట్టడం మరిచిపోతే, కింద అక్షరాలన్నీ చక్కగా ఉండి పైన మాత్రం ఒత్తులు విడిపోయి పొల్లులు నిలబడతాయి.

హెడర్ కింద సన్నని గీత గీయడం మన దగ్గర దాదాపు ఆచారం. గీతను ఎంత కిందికి గీయాలో ఇంగ్లీషు అక్షరాలను చూసి లెక్కవేస్తే ఏమవుతుందో చూడాలంటే "గోదావరీ పుష్కర మాహాత్మ్యము" అని వేసి చూడండి. "త్మ్య"లో తకారం కింద మకారపు ఒత్తు, దానితో యకారపు ఒత్తు దిగుతాయి. గీత సరిగ్గా ఆ ఒత్తుల నడుమునుంచి పోతుంది. ముద్రణలో అది మసిమరకలా కనబడుతుంది. గీతను కిందికి దించితే పాఠం మొదటి పంక్తిలోని గుడులకు తగులుతుంది. గీత తీసేసి, ఆ చోటును ఖాళీగా వదిలి, హెడర్‌ను పాఠం కంటే ఒకటిన్నర పాయింటు తక్కువ సైజులో వేయడం నాకు తెలిసినంతలో మేలు.

నా వాదానికి ఎదురు చెప్పేవారిలో ఒకరి మాటను మాత్రం నేను తేలికగా తీసేయలేను. ఇప్పుడు పుస్తకం పుస్తకంగా కంటే ఒక్కొక్క పుట ఫొటోగా వాట్సాప్‌లో ఎక్కువ తిరుగుతున్నది. పైన పుస్తకం పేరు లేకపోతే ఆ పుట అనాథ అవుతుంది. ముఖపత్రం చిరిగిపోయిన పాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టినప్పుడు, అది ఏ పుస్తకమో చాలాసార్లు ఆ పాత హెడర్ వల్లనే తెలుస్తున్నది. ఇది నిజం. దీనికి నా సమాధానం పూర్తి సమాధానం కాదు: ఎడమ పుట పుస్తకానికీ, కుడి పుట అధ్యాయానికీ ఇవ్వవచ్చు. కథాసంకలనమైతే ఎడమన రచయిత, కుడిన కథ ఉండి, పుస్తకం పేరు పుట సంఖ్య పక్కన కింద ఉండవచ్చు. రచయిత పేరును ప్రతి పుటకూ ఎక్కించవలసిన అవసరం మాత్రం ఒక్కరే రాసిన పుస్తకంలో నాకు కనబడదు. నవలకైతే హెడరే అక్కరలేదని నా అభిప్రాయం. అధ్యాయాలకు అంకెలే తప్ప పేర్లు లేని నవలలో పైన చెప్పవలసినది ఏమున్నది?

హెడర్ వల్ల నిజమైన హాని జరిగిన పుస్తకాన్ని కూడా చూశాను. డెల్టాలో ఒక ఊరివారు తెచ్చిన సన్మాన సంచిక అది, ఊరిపేరు అనవసరం. నలభైమంది దాకా రాసిన వ్యాసాలు. ప్రతి వ్యాసం పైన రచయిత పేరు వేయాలనుకోవడం మంచి ఆలోచనే, కాని చేతితో టైపు చేయించారు. ఆఖరి నిమిషంలో ఒక పెద్దాయన వ్యాసం వచ్చి మధ్యలో చేరింది. అక్కడినుంచి వరసగా కొన్ని వ్యాసాలకు ముందువారి పేరే పైన నిలిచిపోయింది. దేవాలయ శాసనాల మీద ఒకరు ఎంతో పనిచేసి రాసిన వ్యాసం, ఆక్వా చెరువుల మీద రాసిన మరొకరి పేరుతో అచ్చయింది. సభలో ఎవరూ గమనించలేదు. తరువాత ఆ వ్యాసాన్ని ఉటంకించినవారు మొదటి పుట చూడక, జిరాక్సు తీయించుకున్న లోపలి పుటల మీద ఉన్న పేరే రాసుకున్నారు. సంపాదకవర్గం క్షమాపణ చీటీ అంటించింది గాని, అప్పటికే పంచిన ప్రతులకు అది అందలేదు.

అధ్యాయం మొదలయ్యే పుట మీద హెడర్ ఉండకూడదు, ఖాళీ పుట మీద అసలే ఉండకూడదు. ఇవి అందరికీ తెలిసినవే కనుక పొడిగించను.

2027లో మళ్ళీ గోదావరీ పుష్కరాలు వస్తున్నాయి. 2015లో వచ్చినట్టే క్షేత్రమాహాత్మ్యాలు, స్థలపురాణాలు, ఊరి చరిత్రలు, యాత్రాదర్శినులు వరసకడతాయి. ద్రాక్షారామం, కోటిపల్లి, అంతర్వేది వంటి క్షేత్రాలన్నిటినీ ఒకే పుస్తకంలో చెప్పేవి వాటిలో చాలా ఉంటాయి, రేవులో నిలబడి చదివేవి, మధ్యలోనే తెరిచేవి. వాటిని రాస్తున్నవారు విషయసూచిక రాసుకునేటప్పుడే అధ్యాయాల పూర్తి పేర్ల పక్కన రెండో వరస గీసుకుని, మూడు నాలుగు మాటలు మించని పొట్టి పేర్లు నింపి, ఆ కాగితాన్ని మొదటి ప్రూఫు కంటే ముందే ఆపరేటరుకు ఇవ్వాలని నా కోరిక. ఆపరేటర్లు కూడా శీర్షికలను ఒక్కొక్కదానికీ విడిగా బోల్డు చేసి సైజు పెంచే అలవాటు మానుకుని, స్టైల్ వేసే అలవాటు చేసుకోవాలి. అది లేకపోతే ఏ వేరియబులూ పనిచేయదు. చివరి ప్రూఫును ఒకసారి పాఠం చదవకుండా, పుటల పై పంక్తులు మాత్రమే చూస్తూ మొదటినుంచి చివరిదాకా తిప్పాలి. ఆ పని రచయితే చేయాలి, దానికి పావుగంట చాలు.